చెరుకు తోటలో దొరికిన అడవిపిల్లి కూనలు ఇంటి పిల్లుల్లా మచ్చికవుతాయా?

ప్రశ్న:
మా తోటలో చెరుకు నరుకుతుండగా మూడు అడవిపిల్లి కూనలు కనిపించాయి. చెవుల కొసన చిన్న నల్ల కుచ్చులు, కాస్త పొట్టి తోకలు తప్ప, అన్నీ ఇంటి పిల్లి పిల్లల పోలికలే. పాలు పోసి పెంచితే మచ్చికవుతాయని కూలీలు అంటున్నారు. ఇంటి పిల్లి కూడా ఒకప్పుడు అడవిదే కనుక ఆ మాట నిజమేనా అని తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
మీరు చూసినవి జంగుపిల్లి కూనలై ఉంటాయి. ఇంటి పిల్లి వీటి సంతతి కాదండీ. 2007లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన, ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నిటి మూలం పశ్చిమాసియాలోని ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లేనని తేల్చింది. అక్కడి తొలి రైతులు ధాన్యం నిల్వ చేయడంతో ఎలుకలు చేరాయి, ఎలుకల కోసం పిల్లులు వచ్చాయి, మనుషులను చూసి బెదరనివి ఆ ఊళ్లలోనే ఉండిపోయాయి. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక మనిషి సమాధి పక్కనే, చిన్న గోతిలో, ఎనిమిది నెలల పిల్లి అస్థిపంజరం చెక్కుచెదరకుండా దొరికింది. ఆ దీవిలో పిల్లులు సహజంగా లేవు కాబట్టి, వాటిని ఎవరో పడవలో తెచ్చుకొని ఉండాలి. నాకు ఇంతకన్నా ఆత్మీయమైన సాక్ష్యం మరొకటి కనిపించదు.

అయినా కుక్కలో వచ్చినంత మార్పు పిల్లిలో రాలేదు. 2014లో ప్రచురితమైన జన్యు అధ్యయనంలో ఇంటి పిల్లికీ అడవిపిల్లికీ మధ్య కనిపించిన ముఖ్యమైన తేడాలలో భయాన్ని గుర్తుంచుకోవడానికి, ఆహారం ఆశతో నేర్చుకోవడానికి సంబంధించిన జన్యువులు ఉన్నాయి. కపాలం కొంత చిన్నదైంది. వేట మాత్రం అలాగే ఉంది.

జవాబు 2:
పై వివరణకు ఒకటి కలుపుతాను. ఇంటి పిల్లికైనా మచ్చిక పుట్టుకతో పూర్తిగా రాదు. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చేయి తగలని వీధి పిల్లి కూన, పెద్దయ్యాక మనల్ని దగ్గరకు రానివ్వదు. జంగుపిల్లికి ఆ వయసులో ఎంత చాకిరీ చేసినా, మనిషికి బెదరనివే మన దగ్గర నిలుస్తూ వచ్చిన వేల ఏళ్ల ఎంపిక దాని వెనుక లేదు కనుక, ఎదిగేకొద్దీ కరవడం, రక్కడం సహజం. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం. దయచేసి ఆవుపాలు పట్టకండి, విరేచనాలవుతాయి. కూనలున్న చోట కొన్ని సాళ్లు నరకకుండా వదిలి, మనుషులను, కుక్కలను దూరంగా ఉంచండి. తల్లి సాధారణంగా చీకటిపడ్డాక వచ్చి, మెడ దగ్గర కరచిపట్టి ఒక్కొక్కదాన్ని తీసుకుపోతుంది. రెండు రాత్రులు గడిచినా రాకపోతే అటవీ శాఖకు కబురు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. ఆ మూల నరకడం ఆపించాను. మా ఇంటి పిల్లి కూడా తోటలో తిరుగుతుంది, దానివల్ల ప్రమాదముందా?

జవాబు 2:
ఉంది. ఇంటి పిల్లి రోగాలు అడవిపిల్లులకు అంటుకుంటాయి, రెండూ జత కట్టగలవు కూడా. స్కాట్లాండ్‌లో అక్కడి అడవిపిల్లి దాదాపు కనుమరుగు కావడానికి ఇంటి పిల్లులతో సంకరం ఒక ప్రధాన కారణం. మీ పిల్లికి టీకాలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించి, కూనలు వెళ్లేవరకు ఇంట్లోనే ఉంచండి.