అప్‌డేట్: పులి టాటూ కన్నార్పింది, ఇక జారడం లేదు

ముంజేతి మీది రియలిస్టిక్ పులి టాటూకి వీడియో ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ అయిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కన్నార్పే యానిమేషన్ వేస్తే, చెయ్యి తిప్పగానే కన్ను పక్కకి జారిపోతోందని అడిగాను కదా. తీరింది.

వీడియోలో కదలికని వెంబడించే (ట్రాక్ చేసే) ప్లగిన్ మోకా ఏఈ. అది ట్రాక్ చేసేది చదునైన తలాన్ని. ముంజెయ్యేమో గుండ్రం, తిప్పితే చర్మం మెలిపడుతుంది కూడా. అందుకే పులి ముఖమంతా వదిలేసి, కన్ను చుట్టూ రెండంగుళాలే ట్రాక్ చేశాను. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టి మళ్లీ షూట్ చేశాను. మన 50 హెర్ట్జ్ కరెంటు లైట్ల కింద మినుకు రాలేదు. పోలరైజర్ (మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) తప్పనిసరి. చర్మం మీది మెరుపు చేతితోపాటు కదలదు, ట్రాకర్ దాన్నే పట్టుకుని దారి తప్పుతోంది.

రెప్ప దగ్గర ఇంకో తప్పు దొరికింది. రెప్ప లేయర్ మొత్తం మల్టిప్లై అనే బ్లెండ్ మోడ్‌లో (కింది చిత్రంతో రంగు కలిపే పద్ధతి) పెడితే మూసిన రెప్పలోంచి నల్ల కనుపాప కనిపిస్తూనే ఉంది. మల్టిప్లై ముదురు చేస్తుందే తప్ప నలుపుని చెరపదు. అందుకే ముందు, కిందిదాన్ని కప్పేసే నార్మల్ మోడ్‌లో ఖాళీ చర్మం ప్యాచ్, దానిమీద రెప్ప వెంట్రుకలు మల్టిప్లైలో. రెప్ప దిగడానికి 3 ఫ్రేములు, మూసి 2, లేవడానికి 5. వెంట్రుకలకి అచ్చ నలుపు వద్దు. మానిన ఇంకు బూడిదరంగుకి తిరుగుతుంది, పక్కనున్న గీత నుంచే రంగు తీసుకోండి.