క్రెయిగా, క్రెగ్గా? ఇంగ్లిష్ పేర్లను తెలుగులో ఎవరి యాసలో రాయాలి?

బెజవాడ_డెస్క్:
నాది ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసే పని. మొన్న ఒక అమెరికన్ పేరు క్రెయిగ్ అని రాశాను. పక్క సీటు అమ్మాయి వీడియో పెట్టి వినిపించింది. ఆయన తన పేరు తానే ‘క్రెగ్’ అని చెప్పుకుంటున్నాడు, ఎగ్‌కి ప్రాస కుదిరేలా. బ్రిటిష్ నటుడు డేనియల్ క్రెయిగ్ దగ్గరికొస్తే ‘యి’ స్పష్టంగా వినిపిస్తుంది. స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే. గ్రాహం సంగతీ అంతే. బ్రిటన్‌లో ‘గ్రేయమ్’. అమెరికాలో చాలామంది నోట అది మన బరువు గ్రాముకి పొల్లు పెట్టినట్టు ఉంటుంది. బెర్నార్డ్‌కి బ్రిటన్‌లో ఊనిక మొదట, అమెరికాలో చివర. బ్రిటన్‌లో ‘మోరిస్’ అయిన పేరే అమెరికాలో ‘మరీస్’. పేరు ఎవరిదో వాళ్ల నోటిమాటే మనకు ప్రమాణం కావాలని నా వాదన. మీరేమంటారు?

పాతపుస్తకం:
ఒప్పుకోనండి. గ్రాహంబెల్ అని బడిలో చదువుకున్నాం. ఎడింబరోలో పుట్టాడు కాబట్టి ఇప్పుడు గ్రేయమ్‌బెల్ అని రాస్తే పిల్లలు ఇంకెవరో అనుకుంటారు. ఒకే మనిషి నాలుగు పత్రికల్లో నాలుగు రకాలుగా కనిపిస్తే పాఠకుడు ఏ పేరుతో వెతుక్కోవాలి? తెలుగులో స్థిరపడ్డ రూపం మనది. దాన్ని ప్రతి ఊరి యాసకీ తిప్పక్కర్లేదు.

ఆక్లండ్_నుంచి:
నా అనుభవం చెప్తాను. ఇక్కడికొచ్చిన మొదటి వారం పక్క గది కుర్రాడు పేరు చెప్పగానే ఫోన్‌లో ‘బిన్’ అని సేవ్ చేసుకున్నాను. మూడు వారాలకి కరెంటు బిల్లు మీద చూస్తే బెన్! న్యూజిలాండ్ వాళ్ల ఎకారం ఇకారం వైపు ఒరుగుతుంది. పెన్ను అడిగినా మన చెవికి పిన్ను అడిగినట్టే ఉంటుంది. అలాగని వాళ్ల వార్తల్లో బెన్‌లందర్నీ బిన్‌లు చేస్తామా? అతను తన పేరు బెన్ అనే అనుకుంటున్నాడు, బెన్ అనే పలుకుతున్నాడు. బిన్ విన్నది నా చెవి. బెజవాడ గారి సూత్రం ఇక్కడ నిలబడదు.

డాలస్_అమ్మ:
మీరిద్దరూ రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నారని నాకనిపిస్తోంది. బెన్ విషయంలో ఉన్నది యాస. అచ్చు కాస్త జరిగింది, అంతే. అమెరికా పశ్చిమాన చాలామందికి డాన్ (Don) అనే మగపేరు, డాన్ (Dawn) అనే ఆడపేరు ఒకేలా పలుకుతాయి. స్పెల్లింగ్‌లు వేరు, లండన్‌లో అచ్చులూ వేరు. తెలుగులో ఎలాగూ రెండూ ఒకటే.

అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన కోలిన్ పావెల్ సంగతి అలా కాదు. ఆయన 1937లో న్యూయార్క్ హార్లెంలో పుట్టాడు. అమ్మానాన్నలు జమైకా నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో బ్రిటిష్ పద్ధతిలో ‘కొ’ హ్రస్వం. 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన పైలట్ కోలిన్ కెల్లీ పేరు అమెరికా అంతా మోగింది. ఆ పైలట్ పేరులో ‘కో’ దీర్ఘం. దాంతో వీధిలో పిల్లలు పావెల్‌నీ కోలిన్ అనడం మొదలుపెట్టారు. ఆయన దాన్నే ఉంచుకున్నాడు, ఇంట్లోవాళ్లు మాత్రం పాత పలుకే పలికారు. ఇది యాస కాదు, ఆయన పెట్టుకున్న పేరు. హిందీకి ఒ, ఓ తేడా రాసే వీలు లేదు. మనకు రెండక్షరాలూ ఉన్నాయి. ఉన్న అక్షరం వాడకుండా ‘కొలిన్ పావెల్’ అని రాస్తే అది తప్పే.

పాతపుస్తకం:
డాలస్ అమ్మగారూ, మీ గీత బాగుంది, కానీ అన్నిచోట్లా నిలవదు. కమలా హారిస్ పేరు చూడండి. 2019లో వచ్చిన ఆత్మకథలో తన పేరు వాక్యంలో పెట్టే కామాలాగే పలకాలని ఆవిడే రాశారు. అమెరికన్ నోట కామా మన కామాకి దగ్గరగా ఉంటుంది. లండన్ నోట అది ‘కొమ’ వైపు వెళ్తుంది. అంటే ఆ కిటుకు వాళ్ల యాస తెలిసినవాళ్లకే పనికొస్తుంది. మీ లెక్కన ఇది ఆవిడ పెట్టుకున్న పేరు, మనం కామలా అని రాయాలి. తల్లి శ్యామలా గోపాలన్ మన పక్క మద్రాసు మనిషి. ఆవిడ కూతురికి పెట్టిన పేరు కమల. నేను కమలా అనే రాస్తాను.

బెజవాడ_డెస్క్:
మేమూ కమలా అనే రాస్తున్నాం. నా సూత్రాన్ని నేనే పాటించడం లేదన్నమాట, ఒప్పుకుంటున్నాను. జాన్, టామ్, రాబర్ట్ చూసినా అంతే. బ్రిటిష్ వాళ్ల దగ్గర నేర్చుకుని కూడా డాక్టరు, కాఫీలలాగే ‘ఆ’తో రాశాం. ఈ పేర్లలో వాళ్లు పలికే అచ్చుకి సరిగ్గా సరిపోయే అక్షరం మనకు లేదు. ఇప్పుడవి అమెరికన్ పలుకుకి దగ్గరగా ఉన్నాయి, అది కావాలని చేసింది కాదు. వాటిని కదపక్కర్లేదు. కానీ క్రెగ్‌ని ఎందుకు వదులుకోవాలి? అది రాయడానికి మనకు అన్నీ ఉన్నాయి కదా.

ఆక్లండ్_నుంచి:
ఒక్క పేరు ఇస్తాను, దీన్ని యాస అంటారో పేరంటారో చెప్పండి. స్కాట్లండ్ నాయకుడు మెన్జీస్ క్యాంప్‌బెల్ పేరు అక్కడ ‘మింగిస్’. పాత స్కాట్స్ రాతలో ఉన్న ఒక అక్షరం అచ్చులో జెడ్ అయిపోయింది, పలుకు మాత్రం పాతదే మిగిలింది. అదే మాట ఆస్ట్రేలియా ఒకప్పటి ప్రధాని రాబర్ట్ మెన్జీస్‌కి ఇంటిపేరు. అక్కడ రాసినట్టే పలికారు.

డాలస్_అమ్మ:
పేరే. క్యాంప్‌బెల్ గారికి మింగిస్, ప్రధానికి మెన్జీస్ అని రాస్తాను.

నాకు తెగనిది మా ఇంట్లోనే ఉంది. మా పాప పేరు తార. బడిలో కొందరు టీచర్లు ‘టేరా’ అంటారు. తను ‘టారా’ అని దిద్దుతుంది, ట తోనే. రాత్రి అమ్మమ్మతో ఫోన్‌లో ‘నేను తారని’ అంటుంది, తకారం చక్కగా పలుకుతుంది. ఇక్కడి తెలుగు సంఘం సంచికలో డాన్సు చేసిన పిల్లల పేర్లు వేస్తున్నారు. ఫారం మీద తను ఇంగ్లిష్‌లో రాసింది, తెలుగులో నన్ను రాయమన్నారు. పేరున్నవాళ్ల నోటిమాటే ప్రమాణం అంటే ఇందులో ఏ నోటిమాట?

బెజవాడ_డెస్క్:
పావెల్‌కీ ఇంట్లో ఒకటి, బయట ఒకటి కదండీ. వార్తలో బయటిదే రాస్తాం. ఆ సంచిక అమ్మమ్మ చదువుతుంది. తార అని రాయండి, పంపేముందు ఒకసారి పాపకి చూపించండి.