ఫిజీలో వారం రోజులు: ఈత రాని ఇద్దరం ఏమి చూడాలి?

హాలియా పోస్టు:

అందరికీ నమస్కారం. హాలియా దగ్గర సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసి మూడేళ్ల క్రితం రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు ఆక్లాండ్‌లో ఉంటారు. ఈ జూలైలో వాళ్లు అటు నుంచి, మేమిద్దరం ఇటు నుంచి బయలుదేరి ఫిజీ దీవుల్లో కలుసుకోవాలని నిర్ణయమైంది. నిర్ణయం అమ్మాయిది. టికెట్లు కొన్నాకే మాకు చెప్పింది. సింగపూర్ మీదుగా వెళ్తున్నాం, ఏడు రోజులు ఉంటాం.

అమ్మాయి పంపిన ఫొటోలన్నింటిలో నీలి నీళ్లు, తెల్లటి ఇసుక, రెండు కొబ్బరిచెట్లకు కట్టిన ఉయ్యాల. బాగానే ఉన్నాయి. కాని నాకు ఈత రాదు. మా ఆవిడ ఎడమ కాలువ గట్టు మీద నడవాలన్నా నా చెయ్యి పట్టుకుంటుంది. వారం రోజులూ ఉయ్యాలలో ఎంతసేపని పడుకుంటాం?

చిన్నప్పుడు స్టాంపులు దాచేవాడిని. అందులో పక్కకర్ర కట్టిన తెరచాప పడవ ఉన్న ఫిజీ స్టాంపు ఒకటుంది. ఆ దేశం గురించి నాకు తెలిసింది అంతే. మన తెలుగువాళ్లు ఎప్పుడో అక్కడికి కూలికి వెళ్లారని విన్నాను. ఇప్పుడు వాళ్లతో తెలుగులో మాట్లాడవచ్చా? సముద్రం కాకుండా చూడదగ్గవి ఏమున్నాయి? మా ఆవిడ సోమవారం, శనివారం నీచు ముట్టదు. మామిడికాయ తొక్కు తీసుకెళ్లవచ్చా అని ఆమె ప్రశ్న. నిజానికి అన్నింటికన్నా ముందు అడగమన్నది అదే.

నారాయణపేట అక్క:

సార్, నమస్తే. మావారి ఉద్యోగం వల్ల లౌతోకా ఊళ్లో రెండున్నరేళ్లు ఉన్నాం. ముందు తొక్కు సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఆ దెబ్బ తిన్నదాన్ని.

మొదటిసారి వెళ్లినప్పుడు రెండు కిలోల డబ్బా మూడు కవర్లలో చుట్టి చీరల మధ్య పెట్టాను. విమానంలో ఇచ్చిన ఫారంలో తినే పదార్థాలు ఉన్నాయా అంటే లేవని గీత పెట్టాను. యంత్రం ఊరుకుంటుందా? చెవిలో పువ్వు పెట్టుకున్న ఒక పెద్దమనిషి పెట్టె తెరిపించి, డబ్బా మూత తీసి వాసన చూశాడు. వెల్లుల్లి, ఆవపిండి, కొత్త నూనె. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు, అది నాకు ఇప్పటికీ గుర్తే. తరువాత గరిటెతో ఒక ముక్క తీసి, టెంక వేలితో చూపించి, తల అడ్డంగా ఊపాడు. మూడు తరాల కొలతలతో మా అత్తమ్మ పెట్టిన తొక్కు చెత్తబుట్టలో పడింది. జరిమానా వేయకుండా మందలించి వదిలాడు. మీరు మాత్రం ఏది తీసుకెళ్లినా ఉందనే గీత పెట్టండి. చెప్పి పోగొట్టుకుంటే పోయేది డబ్బా ఒక్కటే. కరివేపాకు, నెయ్యి, విత్తనాలు అసలు వద్దు. అయినా అక్కడి కూరగాయల మార్కెట్లో కరివేపాకు, మునగాకు, బెండకాయ, చింతపండు అన్నీ దొరుకుతాయి. మీ ఆవిడకు తిండి కష్టం ఉండదు, రొట్టె, పప్పు, కూర ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

వీసా ముందుగా తీసుకోనక్కరలేదు, మన పాస్‌పోర్టుకు దిగాక ముద్ర వేస్తారు. సింగపూర్ నుంచి సుమారు పది గంటల ప్రయాణం. దిగే ఊరి పేరు ఇంగ్లీషులో ‘నాడి’ అన్నట్టు కనిపిస్తుంది, కాని పలికేది నంది. అవును, మన శివాలయంలో నందే. వాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో రాసే రాతలో డీ అంటే ండ లేదా ంద, బీ అంటే ంబ, సీ అంటే థ. అక్కడి పలుకుబడి విని తెలుగులో రాసుకుంటే సులువు. నేను ఊళ్ల పేర్లన్నీ తెలుగులోనే ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, బస్సు డ్రైవర్లు నా ఉచ్చారణ మెచ్చుకునేవారు.

ఇక తెలుగు సంగతి. ఆశ పెట్టుకోకండి. అక్కడి భారతీయుల్లో చాలామంది ఇంటి భాష ఫిజీ హిందీ. భోజ్‌పురి, అవధీ కలిసిన హిందీ అది. మన పాలమూరు ఉర్దూ కలిపి నేను మాట్లాడితే పక్కింటి పిల్లలు నవ్వు ఆపుకోలేక పరుగెత్తేవారు. 1879 మే 14న కలకత్తా నుంచి లియోనిడాస్ అనే ఓడలో మొదటి కూలీలు చేరారు. 1916 వరకు అలా వచ్చినవాళ్లు సుమారు 60 వేల మంది. మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి, వాటిలో వచ్చిన దక్షిణాదివాళ్లు దాదాపు 15 వేలు. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు. మన జిల్లాలు అప్పుడు నిజాం కింద ఉన్నాయి, ఓడలేమో ఇంగ్లీషువాళ్ల మద్రాసు నుంచి. అందుకని ‘మా తాత ఊరు’ అని వాళ్లు చెప్పే పేర్లలో నెల్లూరు, విశాఖపట్నం, ఆర్కాటు వినిపిస్తాయి గాని పాలమూరు నాకు వినిపించలేదు.

కాని సార్, కథ మాత్రం మనదే. అగ్రిమెంటు అనే మాట నోరు తిరగక గిర్మిట్ అయింది. ఐదేళ్ల కాగితం మీద వేలిముద్ర. మగవాళ్లకు పూర్తి పనికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. చెరుకు తోటల పక్కన ‘లైన్లు’ అనే వరుస గదులు, ఒక్కో గది పది అడుగులకు ఏడడుగులు, అందులో ముగ్గురు మగవాళ్లు లేదా ఒక కుటుంబం. మా తాత గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆనకట్టల పనికి మా నాయనమ్మను, పసిపిల్లను వెంటబెట్టుకుని వెళ్లినవాడు. పాలమూరు లేబరు అంటే దేశమంతా తెలిసిన పేరే కదా. అందుకే లైన్ల గురించి విన్న రోజు ఎవరూ వివరించకుండానే అర్థమైంది. పొయ్యి గదిలోనే పెట్టుకుంటే పొగకు పసిపిల్ల ఏడుస్తుంది, బయట పెట్టుకుంటే వాన.

బా అనే ఊరి దగ్గర ఒక చెరుకు రైతు ఇంటికి మేం వెళ్తుండేవాళ్లం. వాళ్ల అవ్వకు తొంభై దాటాయి. నేను తెలుగుదాన్నని తెలిసి దగ్గర కూర్చోబెట్టుకుని, వేళ్లు మడుస్తూ ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగి నా ముఖం చూసింది, తప్పు చెప్పానా అన్నట్టు. తరువాత కూర, అన్నం, గోవిందా. అంతే, ఆమె తల్లి నుంచి చేరిన తెలుగు అక్కడితో అయిపోయింది. సాగుచేసే పొలం వాళ్లది కాదు, కౌలుకు తీసుకున్నది. ఆ దేశంలో భూమి చాలా వరకు ఇతౌకేయి వాళ్లది, అంటే అక్కడి మూలవాసులది. కౌలు గడువు తీరిన కొందరు, 1987లోనూ 2000లోనూ ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు భయపడి మరికొందరు వలస వెళ్లారు. మీ అమ్మాయి ఉండే ఆక్లాండ్‌లో వాళ్లు చాలామంది ఉంటారు, ఆమెనే అడగండి.

నంది ఊళ్లో పెద్ద వీధి చివర శివసుబ్రహ్మణ్య స్వామి గుడి ఉంది. గోపురం రంగులు దూరం నుంచే కనిపిస్తాయి. ఆ ఊళ్లోనే 1926లో దక్షిణాదివాళ్లంతా కలిసి సంగం పెట్టుకున్నారు, బడులు కట్టారు. తెలుగువాళ్లు 1941లో వేరుగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఎక్కడున్నా మనం వేరు కుంపటి పెట్టకుండా ఉంటామా!

మీరు తప్పకుండా చేయవలసింది ఒక ఇతౌకేయి ఊరికి వెళ్లి యంగోనా తాగడం. సారాయి కాదు, ఒక రకం మిరియాల జాతి మొక్క వేరుతో చేసే పానీయం. లౌతోకా మార్కెట్లో ఆ వేళ్లను కట్టగా వార్తాపత్రికలో చుట్టి అమ్ముతారు. అరకిలో కట్ట కొనుక్కుని ఊరి పెద్ద ముందు రెండు చేతులతో పెట్టాలి, దాన్ని సేవుసేవు అంటారు. ఆయన తీసుకుంటే మీరు ఆ ఊరి చుట్టాలైనట్టే. టోపీ, చలువ కళ్లద్దాలు తీసేయాలి, మోకాళ్లు కప్పే బట్ట కట్టాలి, పిల్లల తల మీద ముద్దుగానైనా చెయ్యి వేయకూడదు. నాలుగు కాళ్ల చెక్క తొట్టిలో ఆ పొడిని గుడ్డలో పోసి నీళ్లలో పిసుకుతారు. రంగు మాత్రం తొలకరి వానకు మా ఊరి చెరువులోకి వచ్చే నీళ్లే. కొబ్బరి చిప్పలో అందిస్తారు. ఒకసారి చప్పట్లు, ‘బూలా’ అనడం, ఆపకుండా తాగేయడం, మళ్లీ మూడు చప్పట్లు. రెండో చిప్పకు పెదవులు, నాలుక మొద్దుబారతాయి. మూడో చిప్పకు నాలో ఉన్న కోపాలన్నీ ఎక్కడికో వెళ్లిపోయాయి, మావారు ఆ కట్ట ఇంకొకటి కొందామన్నారు.

బా పైన కొండల్లో నవాలా అనే ఊరు ఉంది, అక్కడ గడ్డి కప్పుల ఇళ్లు వరుసగా ఉంటాయి. వెళ్తే అక్కడికే వెళ్లండి.

సూర్యాపేట సైకిల్:

అక్కా, మీరు చెప్పిందంతా బాగుంది కాని సముద్రాన్ని పక్కన పెట్టడం అన్యాయం. నేను మా అమ్మతో వెళ్లాను. ఆమెకు ఈత కాదు కదా, పుష్కరాలకు వాడపల్లి వెళ్లినా కృష్ణలో మోకాలి లోతు దాటలేదు. డెనరావు రేవు నుంచి మమనుథా దీవులకు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే పడవలున్నాయి. కొన్నింటికి అడుగున గాజు ఉంటుంది. పగడపు దిబ్బ మీదుగా పడవ ఆగినప్పుడు అమ్మ చీర కుచ్చిళ్లు చెక్కుకుని గాజు మీదకు వంగి, ‘తట్టెడు ముగ్గు పోసినట్టుందిరా’ అంది. నీలం నక్షత్ర చేప ఒకటి అలా కదలకుండా ఉంది. తరువాత ఒడ్డున మోకాలి లోతులో అరగంట నిలబడింది. చిన్న చేపలు పాదాల మీద పొడుస్తుంటే నవ్వింది. పగడం మీద కాలు పెట్టకండి, అది విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. రబ్బరు చెప్పులు తప్పనిసరి.

నవాలా దారి పెద్దవాళ్లకు నడుము నొప్పి తెప్పిస్తుంది సార్, కంకర రోడ్డు. నంది, లౌతోకాల మధ్య విసేయిసేయి ఊరు ఉంది. తమ పూర్వీకులు మొదట కాలు పెట్టింది అక్కడేనని ఇతౌకేయి వాళ్ల నమ్మకం. రోడ్డు పక్కనే, వెళ్లడం సులువు. నందికి దక్షిణంగా గంటన్నర దూరంలో సింగతోకా ఇసుక దిబ్బలు చూడండి. ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనం అది. గాలికి ఇసుక కదిలినప్పుడల్లా రెండువేల ఏళ్లు దాటిన కుండపెంకులు బయటపడుతుంటాయి. మన ఫణిగిరి బౌద్ధ గుట్ట ఎక్కిన రోజు గుర్తుకొచ్చింది నాకు.

తిండిలో కోకోండా వదలొద్దు. పచ్చి చేప ముక్కలను నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలు పోస్తారు, పొయ్యి ఎక్కించరు. వింటే భయం వేస్తుంది, తింటే వేయదు.

హాలియా పోస్టు:

ఇద్దరికీ చాలా చాలా ధన్యవాదాలు. మా ఆవిడకు చదివి వినిపించాను. అవ్వ ఏడు దగ్గర ఆగిన చోట ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక, ‘ఏడు సరిగ్గానే చెప్పింది కదా’ అంది.

రెండు సందేహాలు. నేల మీద ఎక్కువసేపు మఠం వేసుకుని కూర్చోలేను, మోకాలికి ఆపరేషన్ అయింది. ఊరి పెద్ద ముందు కాళ్లు చాపితే తప్పా? ఇంకొకటి, అక్కడ నిప్పుల మీద నడుస్తారని అల్లుడు చెప్పాడు. మాకు చెర్వుగట్టు జాతరలో అగ్నిగుండాలు తొక్కడం తెలుసు. అదీ ఇదీ ఒకటేనా?

నారాయణపేట అక్క:

కాళ్లు ఆయన వైపు చాపితే తప్పే సార్. ముందే మోకాలి సంగతి చెప్పండి, వాళ్లే గోడకు ఆనుకునే చోటు చూపిస్తారు. మా మామయ్య వచ్చినప్పుడు చాప మడిచి దిండులా వేశారు. సులూ అనే వాళ్ల బట్ట కొననక్కరలేదు, మీ లుంగీ చాలు.

నిప్పు రెండు రకాలు. సువా నగరంలో మారియమ్మ గుడి దగ్గర జూలై ఆగస్టుల్లో ఉపవాసాలుండి, పసుపు బట్టలు కట్టుకుని నిప్పుల మీద నడుస్తారు. అది మద్రాసు ఓడల్లో వెళ్లిందే, చెర్వుగట్టుకు చుట్టం. రెండోది బెంగా దీవివాళ్లది. అక్కడ సవౌ అనే తెగవాళ్లు గుంటలో కట్టెలు మండించి, ఎర్రగా కాలిన రాళ్ల మీద నడుస్తారు. మన ఓడలు వెళ్లకముందు నుంచీ వాళ్లకు అది ఉంది. నంది నుంచి సువాకు బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది, కుదిరితే ఒక రాత్రి అక్కడ ఉండండి. ఆదివారం మాత్రం ఎక్కడికీ పెట్టుకోకండి. ఊళ్లన్నీ చర్చిలో ఉంటాయి, కొట్లు మూసేస్తారు. బయట రోడ్డు మీద నిలబడినా ఆ పాట వినిపిస్తుంది, అది వినండి.

జూలై అంటే చెరుకు నరికే కాలం. లౌతోకా దారిలో రోడ్డుకు అడ్డంగా చెరుకు బండ్ల చిన్న రైలు వెళ్తుంది. కారు ఆపుకుని పెట్టెలు లెక్కపెట్టండి, మా పిల్లలకు అదే పని.

హాలియా పోస్టు:

అన్నీ రాసుకున్నాను, ఊళ్ల పేర్లు తెలుగులోనే. మా ఆవిడ పెట్టెలోంచి రెండు తొక్కు డబ్బాల్లో ఒకటి తీసేసింది. రెండోదానిలో టెంక లేదట. ఫారంలో గీత ఆమే పెడుతుందట, మూత కూడా తానే తీసి చూపిస్తుందట.