పాట లేని బాణీ: 8 బార్ల లూప్ దాటి ముందుకెలా వెళ్లాలి?

తీగలపందిరి:
నమస్కారం. వయొలిన్ లీడ్‌గా ఒక ఇన్‌స్ట్రుమెంటల్ కడుతున్నాను. ఎ మైనర్ స్కేల్, టెంపో 96 (నిమిషానికి 96 బీట్లు), 4/4 (బార్‌కి 4 బీట్లు). థీమ్ 8 బార్లు. మొదటి బార్ "స రి గ ప" (స, రి చెరో అర బీట్, గ ఒక బీట్, ప రెండు బీట్లు). జవాబుగా రెండో బార్ "మ గ రి". కింద గిటార్ ఆర్పెజియో (కార్డ్ స్వరాల్ని ఒక్కొక్కటిగా మీటడం), బేస్, డ్రమ్స్. కార్డ్ బార్‌కొకటి మారుతుంది. ఒకసారి వింటే బాగుంది, నాలుగోసారి తిరిగేసరికి చెవి పట్టించుకోవడం మానేస్తోంది. కొత్త థీమ్ పెడితే వేరే ట్రాక్ తెచ్చి అతికించినట్టుంది. 3 నిమిషాల 20 సెకన్లు రావాలి. ముందే ప్లాన్ గీసుకుంటారా, వాయిస్తూ పోతే దారి అదే దొరుకుతుందా?

మంద్రస్థాయి:
పాటలో పల్లవి ఎన్నిసార్లు వచ్చినా మధ్యలో చరణం మాటలు మారుతుంటాయి, అందుకని మనం వింటాం. మీ దగ్గర మాటల్లేవు కాబట్టి ఆ మార్పు స్వరంలోనే రావాలి. అతికించినట్టు ఎందుకుందంటే, కొత్త థీమ్‌లో పాతదాని లయ ఒక్క ముక్క కూడా ఉండి ఉండదు.

మీ మొదటి బార్‌కి గుర్తింపు తెచ్చేది స్వరాలకన్నా "పొట్టి-పొట్టి-పొడుగు-ఇంకా పొడుగు" అనే ఆ నడక. దాన్ని ఉంచి మిగతావి మార్చండి. తలకిందులు చేస్తే "ప మ గ స": అదే నడక, దిగే దారి. నిడివి రెట్టింపు చేస్తే 1, 1, 2, 4 బీట్లు, అంటే రెండు బార్లు పడుతుంది. ఇది బేస్‌కిచ్చి, పైన వయొలిన్ మీద తలకిందుల రూపం వాయిస్తే మీ మధ్య భాగం తయారైనట్టే. అక్కడ కార్డ్ రెండు బార్లకొకసారి మారనివ్వండి, ఎఫ్ కార్డ్‌తో మొదలెట్టండి. టెంపో ముట్టుకోకపోయినా నడక నిదానించినట్టుంటుంది.

ఇక లెక్క. 96లో బార్ 2.5 సెకన్లు, మీ 200 సెకన్లకి 80 బార్లు. నేనైతే ఇలా పంచుతాను: ఎత్తుగడ 4, థీమ్ రెండుసార్లు 16, చిన్న మలుపు 8, మళ్లీ థీమ్ 8, వంతెన 4, మధ్య భాగం 16, బిగింపు 8, నిండుగా థీమ్ 8, ముగింపు 8. శిఖరం 65వ బార్‌లో, 2:40 దగ్గర పడుతుంది. తారస్థాయి షడ్జమాన్ని అప్పటిదాకా ఎక్కడా తాకకండి. చాలా ట్రాక్‌లు చప్పబడేది ఇక్కడే. పై స్వరం మొదటి నిమిషంలోనే వాడేస్తారు, తర్వాత పైకెక్కడానికి మెట్టు మిగలదు.

బిగింపు 8 బార్లలో బేస్ పంచమం వదలకూడదు. మొదటి 4 బార్లు పూర్తి "స రి గ ప", తర్వాతి రెండింటిలో "స రి గ" మాత్రమే (రెండు బీట్లు, బార్‌కి రెండుసార్లు), ఏడో బార్‌లో "స రి" నాలుగుసార్లు, ఎనిమిదో బార్‌లో వయొలిన్ మౌనం. ముక్క చిన్నదయ్యేకొద్దీ తొందర పెరుగుతుంది, వాల్యూమ్ పెంచాల్సిన పని లేదు.

ఎదురుతాళం:
పైన చెప్పిన మోటిఫ్ (థీమ్‌లోని చిన్న ముక్క) పని వంద శాతం సరే. ఆ 8, 8, 16 పంపకాన్ని మాత్రం అక్షరాలా పాటించొద్దు. ప్రతి 20 సెకన్లకీ కచ్చితంగా ఒక గోడ వస్తే, ఫలానా చోట మారుతుందని విన్నవాళ్లు మూడో గోడకే కనిపెట్టేస్తారు. ఎనిమిదో బార్‌లో డ్రమ్ ఫిల్ (మలుపు ముందు వేసే దరువు), తొమ్మిదో బార్ మొదట్లో క్రాష్ (పెద్ద తాళం దెబ్బ) ఉంటే ఆ గోడకి రంగు కూడా వేసినట్టే.

అతుకు దాచే పద్ధతులు చాలానే ఉన్నాయి. థీమ్ చివరి బార్‌నే మలుపుకి మొదటి బార్‌గా వాడొచ్చు: వయొలిన్ చివరి స్వరం పట్టుకుని ఉండగానే గిటార్ కొత్త నడక ఎత్తుకుంటుంది. రెండోసారి థీమ్‌ని 10 బార్లకి సాగదీయొచ్చు. షడ్జమానికి దిగాల్సిన చోట దిగకుండా ఎఫ్ కార్డ్ మీద పడి, చివరి రెండు బార్లు మళ్లీ వాయించి అప్పుడు దిగండి. అన్నిటికన్నా పనిచేసేది, అందరూ ఒకేసారి మారకపోవడం. డ్రమ్స్ రెండు బార్లు ముందు మారనీ, స్వరం తన చోట మారనీ, బేస్ ఒక బీట్ ముందే అడుగెయ్యనీ.

ఇంకోటి. వయొలిన్‌కి, గిటార్‌కి ఊపిరి అక్కర్లేదు కాబట్టి వాక్యాల మధ్య ఖాళీ వదలడం మర్చిపోతారు. థీమ్‌ని నోటితో పాడి చూడండి. గుక్క అందని చోట ఒకటిన్నర బీట్ ఖాళీ పెట్టండి, ఆ ఖాళీలోకి గిటార్‌ని పిలవండి.

పలకరింపు:
స్వరం అసలు మార్చకుండా కూడా నిలబెట్టొచ్చు. ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1928లో ఆర్కెస్ట్రాకి రాసిన బొలేరో చూడండి. రెండే థీమ్‌లు, మొదటి నుంచి చివరిదాకా స్నేర్ డ్రమ్ మీద ఒకటే లయ. మారేది వాయిద్యాలు, గట్టిదనం. చివర్లో హఠాత్తుగా సి నుంచి ఇ మేజర్‌కి జరుగుతుంది, అంతసేపు ఒకే చోట ఉన్నాడు కాబట్టే ఆ జరుగుడికి అంత బలం. అంటే ప్రతిసారీ అన్నీ మార్చక్కర్లేదు. ఏది కదలకుండా ఉంచుతారో ముందు తేల్చుకోండి.

మీ నాలుగు వాయిద్యాలకి చెప్పాలంటే, మొదటిసారి వయొలిన్, గిటార్ చాలు. రెండోసారి బేస్. డ్రమ్స్ మూడోసారి, అదీ హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) లేకుండా. మధ్య భాగంలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పూర్తిగా తీసేయండి. శిఖరానికి ముందు బార్‌లో ఒక్క బేస్ మిగిలితే 65వ బార్ ఎంతో పెద్దగా వినిపిస్తుంది. ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే సింథ్ నాదం) చేర్చాలనిపిస్తే వయొలిన్ కన్నా ఒక స్థాయి కింద, రెండే స్వరాలతో పెట్టండి. అదే స్థాయిలో పెడితే లీడ్ మునిగిపోతుంది, లీడ్ పెంచుతారు, అంతా గోల అవుతుంది.

మిక్స్ శిఖరం నుంచి మొదలెట్టండి. ఆ భాగం పీక్ −6 డీబీ దగ్గర ఆగేలా చూసి, మిగతావి దానికన్నా తగ్గించుకుంటూ వెనక్కి రండి. మాస్టర్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చోటు) మీద లిమిటర్ (గట్టి శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాధనం) వేసుకుని కంపోజ్ చేస్తే పల్చటి భాగమూ నిండు భాగమూ ఒకే ఎత్తులో వినిపిస్తాయి, ఫారంలో లోపం ఉందనుకుని బంగారంలాంటి భాగాల్ని కోసేస్తారు.

తీగలపందిరి:
అందరికీ ధన్యవాదాలండీ. "ప మ గ స" వాయించి చూశాను, నిజంగానే ఇంట్లో మనిషిలా కలిసిపోయింది. ఇంకొక్క సందేహం: ముగింపు. ఫేడవుట్ వద్దనుకుంటున్నాను, సడన్‌గా ఆపితే తెగినట్టుంది.

ఎదురుతాళం:
ముక్తాయి (ఒకే ముక్కని మూడుసార్లు వాయించి ముగించడం) వేసేయండి. చివరి రెండు బార్లలో బీట్‌కి 4 చొప్పున 32 అక్షరాలు (ఒక్కోటి పావు బీట్). 10 అక్షరాల ముక్క మూడుసార్లు, మధ్యలో ఒక్కో అక్షరం ఖాళీ: 30 + 2 = 32. ముక్క నడక తకిట తకిట తకధిమి. ఎత్తుకునే చోట్లు 1, 12, 23. 81వ బార్ మొదటి బీట్ మీద అందరూ షడ్జమం. 8 అక్షరాల ముక్క, 4 ఖాళీ పెట్టినా 32 వస్తుంది, కానీ ప్రతి ఎత్తుగడా బీట్ మీదే పడుతుంది కాబట్టి లాగుడు ఉండదు.

జాగ్రత్త ఒకటే. డ్రమ్స్ మామూలు గ్రూవ్‌లో 2, 4 బీట్ల మీద స్నేర్ కొడుతూ ఉంటే వయొలిన్ తాళం తప్పినట్టు వినిపిస్తుంది. ఆ రెండు బార్లు కిక్, బేస్ కూడా ముక్క దెబ్బలే కొట్టాలి. మీరు 77, 78 బార్లలో "స రి గ ప" ఒకసారి మామూలుగా చెప్పి, వెంటనే ఇందులోకి దిగండి.