కొసరి వడ్డించడం మర్యాదా, బలవంతమా?

కృష్ణాతీరం:
వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. బఫే వద్దని, అరటి ఆకులు వేసి బంతుల్లోనే భోజనాలు పెట్టాలని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. పేచీ అంతా వడ్డన దగ్గర వచ్చింది. అతిథి వద్దన్నా మరొకసారి వేయడమే మర్యాద అని మా పెదనాన్నగారు అంటారు. వద్దన్న మనిషి ఆకులో వేయడం ఆ మనిషి మాటను లెక్కచేయకపోవడమేనని మా అబ్బాయి అంటాడు. నేను అబ్బాయి పక్షమే. ఈమధ్య మేము వెళ్ళిన ఒక విందులో ఎత్తిన ఆకుల మడతల్లో ముట్టని బూరెలు, కదపని పులిహోర కనిపించి మనసు చివుక్కుమంది. పెద్దల అభిప్రాయాలు కోరుతున్నాను.

లంకల మనవడు:
మీ పెదనాన్నగారి మాటను అంత తేలికగా తీసివేయవద్దని మనవి. మన బంతుల్లో మొదటిసారి అన్న ‘చాలు’ చాలాసార్లు మొహమాటంతో అన్నదే తప్ప కడుపు నిండి అన్నది కాదు. కొత్త అల్లుడు, వియ్యాలవారి తరఫున వచ్చిన పెద్దావిడ, పసిపిల్లను ఒడిలో పెట్టుకొని ఒంటిచేత్తో తింటున్న తల్లి ఫలానాది కావాలని తమంతట తాము అడగరు. ఆ మొహమాటాన్ని గుర్తించి “ఇంకొక్క గరిటె, పిన్నిగారూ” అని వంగి అడిగేవారు లేకపోతే వారు సగం కడుపుతో లేస్తారు. మాది కోనసీమ. వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతం వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిది మా పక్క లంకల గన్నవరమే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. అటువంటి నేల మీద, అడిగితేనే వేస్తామనడం నాకు మింగుడుపడదు.

పథ్యం:
లంకల మనవడు గారూ, మొహమాటం గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. అయితే అదే మొహమాటం రెండో వైపూ పనిచేస్తుంది. ఆకులో పడిన మిఠాయిని వదిలేస్తే పెట్టినవారు నొచ్చుకుంటారని తినకూడనివారు తింటున్నారు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అంటే ఏ బంతిని తీసుకున్నా చక్కెర జబ్బు ఉన్నవారు కొందరైనా కూర్చొని ఉంటారనుకోవాలి. వారిలో ఎక్కువమంది తమ జబ్బును నలుగురిలో చెప్పుకోవడానికి ఇష్టపడరు. “ఒక్కటి తింటే ఏమీ కాదు” అంటూ పూర్ణం బూరె చిదిమి నెయ్యి పోసే చేతిని ఆపాలంటే వారు ఆ సంగతి బయటపెట్టక తప్పడం లేదు. పథ్యం చెప్పే వృత్తిలో ఉన్నదాన్ని కనుక, పెళ్ళిళ్ళ కాలం తర్వాత ఈ మాట రోగుల నోట ఏటా వింటూనే ఉంటాను. కారణం అడగకుండా ‘వద్దు’ను ఒప్పుకోవడం కూడా మర్యాదలో భాగం కావాలి.

మెతుకుసీమ:
మా వైపు దావత్‌లో బగారా అన్నం, మటన్ కూర పెడతారు. మాంసం దగ్గర ఎవరినీ బలవంతపెట్టవలసిన పని ఉండదు, అక్కడ సమస్య సమానత్వానిది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఊరకే పుట్టలేదు. తనవారి దగ్గరికి వచ్చేసరికి గరిటె అడుగుకంటా వెళ్ళి ముక్కలు తెస్తుంది, తక్కినవారికి పైనున్న పులుసు దక్కుతుంది. ఒకే బంతిలో కూర్చున్నవారికి వేర్వేరు వడ్డన చేయడం పెద్ద అవమానం. కొసరడం మంచిదా చెడ్డదా అని తేల్చేముందు, ఎవరికి కొసరుతున్నారో కూడా చూడండి.

డాలస్ తెలుగు:
ఇక్కడ పుట్టి పెరిగిన మా పిల్లలు ఒకసారి వద్దంటే వద్దనే. వారికి రెండోసారి వడ్డించబోయిన బంధువు నొచ్చుకోవడం, పిల్లలు విసుక్కోవడం మా ఇళ్ళలో తరచూ చూస్తున్నదే. ఇరువైపులా తప్పు లేదు, అలవాట్లు వేరు.

గరిటె చేతివాటం:
చాలాకాలం వంట కాంట్రాక్టర్ల దగ్గర వడ్డన చేయించిన అనుభవంతో చెబుతున్నాను. ఇంతవరకు అందరూ వేయాలా వద్దా అని వాదించారు కానీ, ఎంత వేయాలన్నదాన్ని వదిలేశారు. ఇంటివాళ్ళే వడ్డించిన రోజుల్లో మొదటి విడత ప్రతి పదార్థమూ రుచి చూసేంతే పడేది, ఆ తర్వాత మారు వడ్డనకు వచ్చి మనిషి ముఖం చూసి అడిగేవారు. కొసరడానికి అందులో చోటుండేది, ఆకులో మిగలడానికి ఉండేది కాదు. ఇప్పుడు కూలికి వచ్చిన కుర్రవాళ్ళు బకెట్టు పట్టుకొని పరుగుమీద పోతారు. తినేవారి కుర్చీల వెనుకే తర్వాతి బంతివారు నిలబడి ఉంటారు. మళ్ళీ తిరిగి రావలసిన పని లేకుండా మొదటిసారే నిండు గరిటె గుమ్మరించడం ఆ కుర్రవాళ్ళకు సులువు. పారవేతకు అసలు మూలం ఆ తొందర, దాన్ని ఆప్యాయత మీద నెట్టడం న్యాయం కాదు.

ఇంకొక్క మాట. గిన్నెలో మిగిలినదాన్ని వేడిగా ఉండగానే అనాథాశ్రమానికో, మిగులు ఆహారం పంచే స్వచ్ఛంద సంస్థకో అందించవచ్చు. అలా సేకరించి పంచడానికి మన దేశంలో 2019 నుంచి ఆహార భద్రతా నిబంధనలు కూడా ఉన్నాయి. ఆకులో పడిన మరుక్షణం అది ఎంగిలి, ఎవరికీ పెట్టలేం. అందుకే పదార్థం గిన్నెలో ఉండగానే అడగాలి. ఎన్నిసార్లయినా అడగండి, ఒప్పుకున్నాకనే వంచండి.

లంకల మనవడు:
అడగడం మానమంటే ఒప్పుకోను కానీ, అడిగాకనే వంచమంటే నాకు అభ్యంతరం లేదు. మా అమ్మమ్మ వడ్డనా అలాగే ఉండేది. అయితే అడిగేది కూలి కుర్రవాడు కాకూడదు, ఆ ఇంటి మనిషే కావాలి. వరస పెట్టి పిలిచి అడిగితేనే మొహమాటం వదులుతుంది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి విడత అన్నీ కొద్దికొద్దిగానే వేయాలని, బంతికీ బంతికీ నడుమ తగినంత వ్యవధి ఉంచాలని కాంట్రాక్టరుతో మాట్లాడాను. మారు వడ్డనకు ప్రతి వరుసకూ మా ఇంటివారు ఇద్దరు చొప్పున ఉంటారు, మిఠాయి అడగకుండా వేయరు. పెదనాన్నగారు మొదటి బంతిలో తానే నేతిగిన్నె పట్టుకుంటానన్నారు.

గరిటె చేతివాటం:
సంతోషం. అన్నం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త చెప్పండి. కొద్దికొద్దిగా వేయమన్నప్పుడు చారు దగ్గరికే అన్నం అయిపోయి, పెరుగు వచ్చేసరికి ఆకు ఖాళీగా ఉండే ప్రమాదం ఉంది. పెరుగు పట్టుకున్న మనిషికి ముందు, అన్నం పళ్ళెంతో ఒకరు తప్పకుండా నడవాలి.