అప్‌డేట్: వెనక చక్రం జిడ్డు వదిలింది, తప్పు మాత్రం నాదే

పోయిన వారం అడిగాను కదా, బైక్ వెనక రిమ్‌కి నల్లటి జిడ్డు పట్టేసింది, షాంపూతో ఎంత రుద్దినా పోవట్లేదు, చవకలో దారి చెప్పండని. పోయింది. వంద రూపాయలు కూడా కాలేదు.

పెట్రోల్ వాడమన్నవాళ్లు ఏమీ అనుకోకండి, వాడలేదు. మంటల భయం ఒకటి, చెయిన్‌లో ఉండే రబ్బరు ఓ-రింగులు పాడవుతాయని ఇంకొకటి. మా పర్లాకిమిడిలో కిరసనాయిలు దొరకలేదు. పాతపట్నంలో మా బావ వాళ్లింట్లో డబ్బా అడుగున మిగిలింది పట్టుకొచ్చాను. చల్లారిన రిమ్‌ని కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తడిపి ఐదు నిమిషాలు వదిలేశాను. మూలల్లోకి పాత టూత్‌బ్రష్. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు. అంతే.

బ్రేకు డిస్క్‌కి పాలిథిన్ కవరు చుట్టినా దాని మీద ఒక చుక్క కిరసనాయిలు పడనే పడింది. గుండె జారిపోయింది! మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొని శుభ్రమైన గుడ్డతో రెండుసార్లు తుడిచాను. వీధిలోనే మెల్లగా నడిపి, బ్రేకు పడుతోందని నమ్మకం కుదిరాకే రోడ్డెక్కాను.

అసలు జిడ్డు ఎక్కడిదంటే, చెయిన్‌కి నేను ధారగా ఆయిల్ పోసి వెంటనే బండి తీసేవాణ్ణి. తిరిగే చెయిన్ అదంతా రిమ్ మీదికి చిమ్మేది. ఇప్పుడు ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో చక్రం చేత్తో తిప్పుతూ చెయిన్ లోపలివైపు కొంచెమే వేస్తున్నాను. మిగులు తుడిచేసి రాత్రంతా వదిలేస్తున్నాను.

మహేంద్రతనయ నది ఒడ్డున కడుక్కోమన్న మిత్రమా, ఆ నూనె నీళ్లు ఏట్లో కలపడం నావల్ల కాదు.