క్రిస్మస్ రోజుల్లో క్రాకోవ్ వెళ్తున్నాము: కేథలిక్కులం కాని మేము ఏమి చూడవచ్చు, ఎక్కడ తినవచ్చు?

ప్రశ్న – కృష్ణాతీరం

మా అమ్మాయి జర్మనీలో చదువుకుంటోంది. ఈసారి ముగ్గురం కలిసి డిసెంబరు 23న పోలండ్‌లోని క్రాకోవ్ చేరి, 27 ఉదయం తిరిగి బయలుదేరేలా టిక్కెట్లు తీసుకున్నాము. 24 సాయంత్రం పాతనగరం కూడలిలోని క్రిస్మస్ సంతలో తిరిగి అక్కడే ఏదో తిని, 25న నాజీల మృత్యుశిబిరం ఉన్న ఆష్‌విట్జ్ చూడాలన్నది మా ఆలోచన. నేను, మా ఆవిడ మాంసం, చేపలు ముట్టము. అర్ధరాత్రి చర్చికి వెళ్లాలని అమ్మాయికి ఎంతో కోరికగా ఉంది. ఆ మతం వారం కాని మేము కేవలం చూడడానికి లోపలికి వెళ్తే బాగుంటుందా అన్నది నా సందేహం.

జవాబు – ఉక్కునగరం

ఆరేళ్లు ఆ ఊళ్లో ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను: మీరు వేసుకున్న ప్రణాళికను తిరగవేయండి. పోలండ్‌లో అసలు పండుగ 24 సాయంత్రమే. దానిని ‘విగీలియా’ అంటారు. 2025 నుంచి ఆ రోజు కూడా చట్టప్రకారం సెలవు కావడంతో 24, 25, 26 మూడు రోజులూ దుకాణాలు దాదాపు అన్నీ మూతపడతాయి. నా మొదటి ఏడాది ఈ సంగతి తెలియక సాయంత్రం ఆరింటికి కూడలికి వెళ్తే, సంతలోని చెక్క దుకాణాలకు తలుపులు దించి ఉన్నాయి. మరియా చర్చి గోపురం మీది నుంచి గంటగంటకూ ఊదే బూర మాత్రం ఎప్పటిలాగే సగం స్వరం దగ్గర ఠక్కున ఆగింది. అంత పెద్ద కూడలిలో దానిని వింటున్నవాళ్లం పట్టుమని పదిమందిమి కూడా లేము. ఆ రాత్రి నా భోజనం పెట్రోలు బంకులో కొన్న బ్రెడ్డు, అరటిపళ్లు.

ఆకాశంలో మొదటి నక్షత్రం కనబడే వేళకు అందరూ ఇళ్లు చేరుకుంటారు. అక్కడ ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడుముప్పావుకే సూర్యాస్తమయం. బల్లగుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి పరిచి, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక పళ్లెం ఖాళీగా ఉంచి, పన్నెండు వంటకాలు వడ్డిస్తారు. ఆ భోజనంలో ఆనవాయితీగా మాంసం ఉండదు కాని కార్ప్ చేప తప్పనిసరి. దాని పొలుసును ఏడాది పొడవునా పర్సులో దాచుకుంటే డబ్బు నిలుస్తుందని నమ్మేవారూ ఉన్నారు. కాబట్టి సంత 23నే చూసి, 24 రాత్రి భోజనానికి హోటల్‌లో ముందుగానే మాట్లాడుకోండి. క్యాబేజీ, పుట్టగొడుగులు కూరి ఉడికించిన, కజ్జికాయల్లాంటి పియెరోగి మీకు సరిపోతాయి, అయితే పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లకుండా చూసుకోవాలి. మాంసం వద్దని చెప్పడానికి ‘బెజ్ మ్యెన్సా’ అంటే చాలదు. అక్కడివారి లెక్కలో చేప మాంసం కాదు గనుక ‘బెజ్ రిబి’ అని కూడా చేర్చండి.

ఆష్‌విట్జ్ మ్యూజియం డిసెంబరు 25న మూసి ఉంటుంది. 26న వెళ్లదలిస్తే ప్రవేశాన్ని ఇప్పుడే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.

జవాబు – ఫిరంగిపురం వాసి

నేను కేథలిక్ కుటుంబంలో పుట్టినవాడిని కనుక రెండో సందేహానికి నేను జవాబిస్తాను. అర్ధరాత్రి దివ్యబలిపూజను అక్కడ ‘పాస్టెర్కా’ అంటారు. తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. మగవారు టోపీ తీసివేయాలి, పూజ జరుగుతుండగా ఫోటోలు తీయకూడదు, అందరూ లేచినప్పుడు లేచి నిలబడాలి. మోకరించడం మీ ఇష్టం. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్రమైన రొట్టె, స్వీకరించేందుకు అందరూ వరుసగా కదిలేటప్పుడు మాత్రం మీరు ఉన్నచోటనే ఉండండి, ఎందుకంటే అది కేథలిక్కులకు మాత్రమే. గుణదల ఉత్సవాలకు వచ్చే ఇతర మతస్థులకు కూడా మేము చెప్పేది ఇదే.

అయితే ‘ఒప్వాటెక్’ వేరు. అది క్రీస్తు జననదృశ్యం అచ్చొత్తిన, అప్పడం కంటే పలుచని తెల్లటి రొట్టె రేకు. చర్చి గురువు దానిని ఆశీర్వదించినా, అది సత్ప్రసాదం కాదు. భోజనానికి ముందు ఒకరి రేకులోంచి మరొకరు చిన్న ముక్క విరిచి తిని, శుభాకాంక్షలు చెప్పుకుంటారు. హోటల్ వారో, పక్కింటి వారో మీ ముందు దానిని చాచితే సంకోచించకుండా విరుచుకోండి, పిండీ నీళ్లూ తప్ప అందులో మరేమీ ఉండవు. వద్దంటేనే వారు చిన్నబుచ్చుకుంటారు.

కృష్ణాతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. హోటల్‌కు ఈరోజే రాస్తాను. మరి 25న ఊళ్లో చూడదగినది ఏమీ లేనట్టేనా?

ఉక్కునగరం

లేకేం, ఆ రోజు చర్చిలే ప్రదర్శనశాలలు. పిల్లలను వెంటబెట్టుకుని ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి క్రీస్తు జననాన్ని చూపే పశువుల పాకల బొమ్మలు చూస్తూ తిరగడం అక్కడివారికి అలవాటు. క్రాకోవ్‌కు ప్రత్యేకమైన ‘షోప్కా’లను కూడా చూడండి: ఊళ్లోని చర్చి గోపురాల నమూనాలతో, మెరిసే రంగు రేకులతో చేసే ఈ బొమ్మమేడలకు 1937లో పోటీ మొదలైంది, 2018లో యునెస్కో గుర్తింపు లభించింది. పోటీకి వచ్చినవాటిని నగర మ్యూజియం ప్రదర్శిస్తుంది, అది పండుగనాడు తెరవకపోవచ్చు కనుక 23నే వెళ్లండి. పాస్టెర్కాకు మాత్రం కనీసం అరగంట ముందు చేరుకోండి. కూర్చోవడానికి చోటు దొరకని నేను గంటకు పైగా రాతినేల మీద నిలబడ్డాను, చలి నెత్తి నుంచి కాక పాదాల నుంచి ఎక్కింది. ఉన్ని మేజోళ్లు రెండు జతలు తొడుక్కోండి.